కుప్పమ్మ, బంజోకో

1961 జూన్ 4, ఆదివారం. జమ్మలమడుగు
చెల్లెలు కరుణకు ఆడపిల్ల. గుడి గంట మోగుతుండగా పుట్టింది. ఏడ్చింది. ముందు పోయిన ఇద్దరూ ఏడవనే లేదు. ప్రభువా, ఇవాళ్టికి ఇంకేమీ అడగను.

జూన్ 6
బిడ్డ రొమ్ము పట్టడం లేదు. దూదివత్తితో చుక్క చుక్కగా... కరుణ బిడ్డ ముఖం చూడదు. "చూస్తే ఇదీ పోతాదక్కా." గోడవైపు తిరిగి రొమ్మిస్తుంది.

జూన్ 8
పులివెందుల నుంచి కరుణ అత్తగారు అన్నమ్మ. చంకలో చేట.
"బిడ్డను చేటలో పెట్టి కుప్ప మీద పండబెడదాం. పక్కింటామె ఎత్తుకుంటాది. తవుడు ఇచ్చి కొనుక్కుందామమ్మా. కుప్పమ్మ అని పిలిస్తే, చెత్త అనుకొని సావు ముట్టుకోదు. మా ఇంటాయన్ని అట్లనే నిలబెట్టిరి."
"మనం ప్రార్థన చేసేవాళ్లం గదా అత్తా."
"చెయ్యి. వద్దంటినా? ఒక చేత్తో చేట పట్టుకో."
నవ్వు వచ్చింది. చేట అటక మీద పెట్టాను.

జూన్ 9
పాస్టరు అయ్యగారు వచ్చారు. చేట సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. "ఆ పేరుతో బాప్తిస్మం ఇయ్యలేనమ్మా." మెల్లగానే అన్నారు. కరుణ విన్నది.

జూన్ 11, ఆదివారం
ప్రొద్దుటూరు నుంచి తమ్ముడు దేవదానం. బడిలో ఇంగ్లీషు చెబుతాడు — చేతిలో పత్రిక లేకుండా బస్సెక్కడు. అందులో నైజీరియా ఆయన రాసిన కథ తెలుగులో చెబుతూ చదివాడు. ఆయన పేరు చివర బంజోకో.
"ఏం పేరురా అది?"
"ఇంటిపేరక్కా. వాళ్లకు చివర వస్తాది. యొరుబా వాళ్లు. పుట్టినబిడ్డలు పుట్టినట్టే పోతాంటే, ఆ తర్వాతి బిడ్డకు పెడతారంట. నాతో కూర్చో అని అర్థం. ఈయన తాతకు పెట్టిరి. తాత కూర్చుండె. మనమడు ఇంగ్లీషులో కథలు రాస్తాండాడు."
అన్నమ్మ ఆకు నములుతూ — "ఆ దేశంలోనూ నాలాంటి అత్త ఉండాదన్నమాట."
గోడవైపు నుంచి కరుణ — "మళ్ల చదువన్నా."

జూన్ 12
దేవదానం చెప్పిందే మనసులో తిరుగుతోంది. ఇలా వచ్చి వెళ్లిపోయే బిడ్డ వాళ్ల ఇంగ్లీషు కథల్లో, పద్యాల్లో మాటిమాటికీ కనబడుతుందట. ఒకరు ఆ బిడ్డను తిడతారు, ఒకరు బతిమాలుతారు. ఈ కథలో తల్లి ఏమీ అనదు. గుమ్మంలో పీట వేసి, బిడ్డ వచ్చి కూర్చోవాలని ఎదురు చూస్తుంది.

జూన్ 14
పొద్దున పాలు బాగా తాగింది. స్తోత్రం.

జూన్ 15
బంజోకో పేరు అడగడానికి అయ్యగారి దగ్గరికి వెళ్లాను. బైబిల్లో ఎమ్మాయు ఊరి దారిలో శిష్యులు, 'పొద్దుగుంకింది, మాతో ఉండు' అని ప్రభువును బలవంతపెట్టలేదా అన్నాను. "పరాయి ఇంటిపేరు మన బిడ్డకు ఎట్లమ్మా?"
"మన మాటల్లోనే పెడదాం."
"ఏమని?"
ఆలోచించి వస్తానని లేచాను.

జూన్ 17
వంటింట్లో పీట కనబడలేదు. వెతికితే గుమ్మంలో. అన్నమ్మ వేసింది. నేను చూస్తే — "చేట వద్దంటివి. పీటకు గూడ అయ్యగారిని అడగల్నా?"
ముగ్గురం కాఫీ తాగాం. గ్లాసు దింపి కరుణ లేచింది. బిడ్డతో వచ్చి పీట మీద కూర్చుంది. ఎండ పిల్ల ముఖాన పడింది. కొంగు అడ్డం పెట్టబోయి... చూసింది.
"నీ మాదిరే ముక్కు, అక్కా."
అంతే.

జూన్ 18, ఆదివారం
బిడ్డ ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. డాక్టరమ్మ చూసి, భయం లేదు, రేపు మళ్లీ తీసుకురమ్మంది. వచ్చే ఆదివారం బాప్తిస్మం. పేరు ఇంకా కుదరలేదు. అన్నమ్మ కుప్పమ్మ అనడం మానింది, ఇంకే పేరుతోనూ పిలవడం లేదు. పీట తీయలేదు. దాటుకుంటూ తిరుగుతున్నాం.