ఈసారి కోడికూర లేదు

వీరపునాయునిపల్లె

అర్చనా,
కోళ్ల జబ్బు నాకు అంటుకుంటుందని దిగులు పడొద్దు, బాగున్నాను. ఫోన్లో నన్ను మాట్లాడనివ్వవని కార్డు రాస్తున్నాను.

ఊరి బయట గుడ్ల ఫారం మూసేసి, జబ్బు కోళ్లను మేత లేకుండా వదిలేసి పోయారు. తొమ్మిదింటిని గంపల్లో ఇంటికి తెచ్చాను. ఒంటి నిండా పుండ్లు. తెలియక ఎర్రమందు పూశాను; ఎరుపు కనబడేసరికి ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి. కడిగేసి పసుపు, వేపనూనె పట్టించాను. "ఇవి బతికేటివి కాదు, పూడ్చిపెట్టు" అన్నాడు మీ నాయన. తొమ్మిదీ లేచి తిరుగుతున్నాయి. ఇప్పుడు ఆయనే పొద్దున లేస్తూనే "ఆ కుంటిది యాడ పోయింది, కనపడ్లేదే" అని వెతుకుతున్నాడు.

బోనులో పెరిగినవి కదా, నేల గీరి తినడం రాదు. ఆదివారం వచ్చేటప్పుడు మీ అత్తగారిని అడిగి ఒక నాటుపెట్టను తీసుకురా, దాన్ని చూసి నేర్చుకుంటాయి. నా ఇనుప పెనం నీ దగ్గరే ఉంది, అదీ తే. పాపకు దగ్గు తగ్గిందా?

అల్లుడొస్తే కోడి కోయడం మన ఇంట్లో మామూలే. ఈసారి అలసంద వడల్లోకి ఊరుబిండి పచ్చడే. ఈ కార్డు అల్లుడూ చదువుతాడని తెలిసే రాస్తున్నాను. జమ్మలమడుగు నుంచి ఆ పెట్టను ఒళ్లో పెట్టుకుని తెచ్చేది ఆయనే. కూరకు కాదని బస్సెక్కక ముందే చెప్పు.

మీ ముగ్గురికీ దీవెనలు.
అమ్మ, తిరుపాలమ్మ