గోడ మీద మూడు సెకన్లు

ఒరేయ్ కోటీ,

ఎలా ఉన్నావని అడగను, బావుండదు. నువ్వు పోయి నిన్నటికి పదకొండు నెలలు నిండాయి. వచ్చే నెల నీ సంవత్సరీకం. ఆ రోజు పదిమందిలో నీతో మాట్లాడ్డం కుదరదు, అందుకే ముందే రాస్తున్నా. షాపులో కూర్చుని రాస్తున్నాలే. మిరప నాట్లు మొదలయ్యాయిగా, రిపేరుకొచ్చిన స్ప్రేయర్లు గుమ్మం దాకా పేరుకుపోయాయి. అవన్నీ పక్కకి నెట్టి ఇది పెట్టుకున్నా.

ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. బాబాయ్ ఈ ఏడు మిరప తగ్గించి పత్తి ఎక్కువ వేశాడు. పిన్నికి మోకాళ్ళ నొప్పులు కాస్త నెమ్మదించాయి. మీ అమ్మానాన్నల్ని నేను పిన్ని, బాబాయ్ అంటుంటే "మా ఇంట్లో వాటా అడుగుతావేంట్రా సాయిబూ" అని ఏడిపించేవాడివి... ఇప్పుడు ఆ ఇంటికి నీకంటే నేనే ఎక్కువ వెళ్తున్నా.

సరే, అసలు సంగతి చెప్తా. నాకు నీ మీద కుళ్ళురా. ఉన్నప్పుడూ ఉంది, ఇప్పుడు ఇంకా ముదిరింది. పోయినోడి మీద కుళ్ళేంటని నవ్వకు. ఉన్నోడినైతే ఏదో ఒక రోజు దాటొచ్చు. పోయినోడిని ఎట్లా దాటాలి?

నువ్వు పోయిన తీరు కూడా నాకు నచ్చలేదు. నిలువెత్తు మట్టిగడ్డ మీంచి మోటారుసైకిల్ ఎగరేసి, మంచం మీద పసిపిల్లని పడుకోబెట్టినట్టు కిందకి దించేవాడివి. దోమ కుడితే పోయావ్. ఆరు రోజుల జ్వరం. గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళే ముందు కూడా కారులోంచి "ఎల్లుండి వచ్చేస్తాన్రా, చైనుకి ఆయిల్ పెట్టి ఉంచు" అన్నావ్. పెట్టి ఉంచా. ఆ ఆయిల్ ఎండిపోయి దుమ్ము పట్టింది.

నీ పెద్దదినం రోజు భోజనాలయ్యాక బాబాయ్ బండి తాళం నా చేతిలో పెట్టాడు. వాడి బండి నువ్వే తొక్కు మస్తానూ, కళ్ళ ముందు తుప్పు పడుతుంటే చూళ్ళేను అన్నాడు. అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చా. ఏడుస్తూనే, ఇక నా ముందు ఎవడూ లేడు అని ఒక మాట లోపల మెదిలింది. చెప్పుతో కొట్టాలి నన్ను. కానీ మెదిలిందిరా, నీ దగ్గర దాచి ఏం చేసుకుంటా?

ఆ మరుసటి వారమే వాన పడింది. వాన వెలిసిందో లేదో, బండి తీసుకెళ్ళి మన ట్రాక్‌లో దించా. నీళ్ళు నిలుస్తాయని బాబాయ్ బీడు వదిలేసిన ఆ పల్లపు పొలం చెక్క, నువ్వూ నేనూ ట్రాక్టర్ బ్లేడుతో మట్టి లాగి పోసుకున్న ఆ గడ్డలు, మలుపుల్లో మనం పేర్చిన ఎరువు సంచులు... అన్నీ అట్లాగే ఉన్నాయి. నేనే తిన్నగా లేను. నల్లరేగడిలో పుట్టి పెరిగినోడు చేసే పనేనా అది? సగం రౌండు తిరిగేసరికి మట్టి చక్రాలకి చుట్టుకుని, మడ్‌గార్డు నిండా మెత్తుకుని, బండి ఎద్దు మొరాయించినట్టు ఆగిపోయింది. పత్తికట్టె విరుచుకుని పొద్దుగూకేదాకా గీకుతూ కూర్చున్నా.

నువ్వైతే బండి దించే ముందు కాస్త మట్టి తీసి పిడికిట్లో నొక్కేవాడివి. అరచేతికి అంటుకుంటే ఇంటికి. పొడిపొడిగా విడిపోతే పదునొచ్చినట్టు, అప్పుడు హెల్మెట్టు. రేసుకొచ్చావా దుక్కికొచ్చావా అని నేను నవ్వేవాణ్ణి. "నేలనడిగి రేజ్ చెయ్యరా, నీకు తొందరెక్కువ" అనేవాడివి. ఆ మాటంటే ఒళ్ళు మండేది నాకు.

పోటీల సంగతి చెప్పాలిగా. కనిగిరిలో మనిద్దరం కలిసి వెళ్ళిన మొదటి పోటీ మర్చిపోయి ఉండవ్. నువ్వు రెండు. నేను మన నల్లమట్టిలో తిప్పినట్టు రాళ్ళూ ఇసకా కలిసిన ఆ గరప నేల మీద తిప్పి, మూడో మలుపులో పల్టీ కొట్టి, అందరూ గీత దాటాక వచ్చా. నువ్వు పోయాక కొత్తపట్నం ఇసకలో దిగా. "ఇసకలో వెనక్కి కూర్చో, ముందు టైరుని తేలనివ్వు" అన్నావ్ చూడు, ఆ ఒక్క ముక్క పట్టుకుని తొక్కా. ఆరోవాడిగా వచ్చా. ఈ ఎండాకాలం మళ్ళీ కనిగిరి వెళ్ళా. ఈసారి గడ్డ ఎక్కేటప్పుడు టైరు వంక చూళ్ళేదు, దిగే చోటు చూశా. అదీ నువ్వు చెప్పిందే. మూడో స్థానం వచ్చింది.

ఎంత సంతోషంగా ఉండాలి నేను? చివరి రౌండులో గీత దగ్గరికొస్తుంటే మైకు పట్టుకున్న ఆయన ఏమన్నాడో తెలుసా... అదిగో కోటి బండి వచ్చేసింది అన్నాడు. బండి మీద కూర్చున్నది మనిషిలాగా కనపళ్ళేదేమో ఆయనకి.

కప్పు తెచ్చి మీ ఇంట్లో చూపించా. పిన్ని కళ్ళొత్తుకుని, తీసుకెళ్ళి నీ ఫొటో ముందు పెట్టి, దానికి పసుపూ కుంకుమా పెట్టింది. బాబాయ్ వచ్చిన వాళ్ళందరికీ మా కోటిగాడి ట్రైనింగే అని చెప్పుకున్నాడు. నిజమే కదా, ఏమంటా? నిజం కాబట్టే కడుపు మండింది. ఆ కప్పు ఇప్పటికీ అక్కడే ఉంది. తిరిగి అడిగే మొహం నాకు లేదు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారే, అట్లా తయారైంది ఊళ్ళో నీ కథ. టీ బంకు దగ్గర నిన్ను ఎన్నడూ చూడనోడు కూడా కోటి ఒంటిచేత్తో గడ్డ దూకేవాడని చెప్తున్నాడు. వినీ వినీ ఒకటే అనుకున్నా. ఎవడేం కూసినా బోరు మోటారు షెడ్డు గోడ అబద్ధం చెప్పదు. ఒక రౌండుకి పట్టిన టైము ఎవరిది వాళ్ళం రంగుతో రాసుకున్నాం కదా. పైన కోటి, 1.18. కింద మస్తాన్, 1.21. నిమిషం పద్దెనిమిదిని సంవత్సరీకంలోపు దాటాలి. దాటి, నీ పేరు పైన నా పేరు రాయాలి. అప్పుడు చూద్దాం మైకువాడు ఏమంటాడో.

షాపు తియ్యక ముందు రోజూ పది రౌండ్లు. ఒకసారి గూడ జారింది, నెల రోజులు చెయ్యి మెడకి కట్టుకు తిరిగా. ఇరవయ్యికి వచ్చా, పంతొమ్మిదికి వచ్చా. అక్కడ రెండు నెలలు కదల్లేదు. గొంతు చించుకుని నిన్ను తిట్టుకున్నా ఆ బీట్లో నిలబడి. విన్నావా?

మొన్న శుక్రవారం వాన పడింది. శనివారం వెళ్ళి, ఎవరూ చూడట్లేదు కదా అని అటూ ఇటూ చూసి, నీలాగే మట్టి తీసి నొక్కా. అరచేతికంటుకుంది. బండి తియ్యకుండా తిరిగొచ్చేశా. ఆదివారం పొద్దున మళ్ళీ నొక్కితే పొడిపొడిగా విడిపోయింది. దుమ్ము లేవట్లేదు, బురద అంటట్లేదు, టైరు ఎక్కడ పెడితే అక్కడ పట్టుకుంటోంది. బాబాయ్ చేతికి ఫోనిచ్చి, టైము ఎక్కడ నొక్కాలో చూపించి బయల్దేరా.

నిమిషం పదిహేడు.

బాబాయ్ ఫోన్ పట్టుకుని పొలం గట్టు మీద పరిగెత్తుకొచ్చాడు. ఆయన పరిగెత్తడం నువ్వు చూశావా ఎప్పుడైనా? ట్రాక్టర్ ట్రక్కుకి వెయ్యగా మిగిలిన నీలం రంగు తెచ్చి, ఎంత వద్దన్నా వినకుండా నీ పేరు పైన నా పేరు తనే రాశాడు. ఏడు అంకె వంకర పోయింది. మావాడుంటే నిన్ను ఎత్తుకునేవాడురా అన్నాడు. పిన్ని సేమ్యా కాచింది. ఆ సేమ్యా నాకు గొంతు దిగలేదు.

ఎందుకు దిగలేదో నీకు తెలుసా? తెలుసేమో... అదే నాకు తేలట్లేదు.

కిందటేడు వినాయక చవితి వెళ్ళిన వారం. ఆ రోజు కూడా ఇట్లాంటి పదునే. "ఇవాళ నేల రమ్మంటోందిరా, టైం చూడు" అని నా చేతికి ఫోనిచ్చి వెళ్ళావ్. నిన్ను చూస్తూ నిలబడ్డా. అంత బాగా నువ్వు ఎన్నడూ తొక్కలేదు. చూస్తుంటే సంతోషం వెయ్యలేదు నాకు, ఏడుపొచ్చింది. నువ్వు గీత దాటేసరికి ఫోన్‌లో నిమిషం పదిహేను. వేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు. పదహారు... పదిహేడు... పద్దెనిమిది. అప్పుడు నొక్కా.

పొరపాటు కాదురా. చెయ్యి తిమ్మిరెక్కలేదు, చెమటకి జారలేదు. కావాలనే చేశా. నా ఇరవయ్యొకటికీ నీకూ మధ్య ఆరు సెకన్లంటే నేనిక మానేసుకోవాల్సిందే. మూడైతే బతకొచ్చు అనిపించింది.

నువ్వొచ్చి ఫోన్ చూశావ్. తర్వాత నా మొహం చూశావ్. "ఇంకా బాగా వచ్చాననుకున్నా... సర్లేరా" అన్నావ్. వెళ్ళి నువ్వే గోడ మీద పద్దెనిమిది రాసుకున్నావ్. ఆ సర్లేరా అంటే ఏంటి? తెలిసి అన్నావా, తెలియక అన్నావా? నెల తిరక్కుండా పోయావ్. ఎవర్ని అడగను?

ఇప్పుడు ఊరంతా మస్తాన్ కోటిని దాటాడంటోంది. దాటలేదని తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే. చచ్చినవాడి కళ్ళు చారెడని ఎగతాళి చేశానే, నీ కళ్ళు చారెడు కంటే పెద్దవే. వాటిని చిన్నవి చేసింది నేను.

మూడు రోజులు చూశా. నిన్న బుధవారం ఇక ఆగలేక మోటారు షెడ్డుకి వెళ్ళా. బాబాయ్ స్టార్టరు బిగిస్తున్నాడు. ఆయన మొహం చూసే ధైర్యం లేక, ఆ స్టార్టరు వంకే చూస్తూ మొత్తం చెప్పేశా. కొట్టినా పడదామనే వెళ్ళా.

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టి ఒక్కటే అడిగాడు. అంటే మావాడిది ఒకటీ పదిహేనా అని. అవును బాబాయ్ అన్నా. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పా. అంతే, మొహం చేటంత అయింది. పిన్నికి ఫోన్ చేసి, ఏమే, మనోడిది పద్దెనిమిది కాదంట, పదిహేనంట అని అరిచాడు. గట్టున పోయే కూలీలని ఆపి చెప్పాడు. వాళ్ళకేం అర్థమైందో ఏమో, తలలూపి పోయారు. ఈ పదకొండు నెలల్లో ఆయన నవ్వగా చూడ్డం నాకదే మొదలు.

నన్ను తిట్టలేదురా. తిట్టడానికైనా నా వంక చూళ్ళేదు. తప్పు ఒప్పుకోవడానికి నేను పోతే, అక్కడా గెలిచింది నువ్వే. అంత సిగ్గులోనూ నాకు మళ్ళీ కుళ్ళొచ్చింది. ఇక ఈ జన్మకి ఇది పోదేమో.

కాసేపటికి నీలం రంగు డబ్బా, బ్రష్షూ తెచ్చి నా చేతిలో పెట్టాడు. కళ్ళారా చూసింది నువ్వేగా, నువ్వే రాయి అన్నాడు. నీ పాత పద్దెనిమిది కొట్టేసి, నా పేరు పైన నీ పేరు రాశా. కోటి, 1.15. బాబాయ్ వెనక నిలబడి రెండు పేర్లూ చాలాసేపు చూశాడు. చూసి నా భుజం మీద చెయ్యేసి, ఇంక రెండే కదా మస్తానూ అన్నాడు.

నీ సెకన్లు నీకిచ్చేశా. నీ సంవత్సరీకంలోపు ఆ రెండూ తగ్గుతాయని చెప్పలేను, ఎన్నేళ్ళు పడుతుందో కూడా తెలీదు. రోజూ మట్టి నొక్కే దిగుతా. ఫోన్ మాత్రం ఎప్పుడూ బాబాయ్ చేతిలోనే ఉంటుంది. ఇంకొక్క మాట... నీ పేరు రాసేటప్పుడు గోడ మీద పైన జానెడు జాగా వదిలి రాశా. ఎవరికోసమో నీకు చెప్పక్కర్లేదు.

ప్రస్తుతానికి నీ కిందోడు,
మస్తాన్