కమ్మల డబ్బాలో సూదుల కార్డు

బావా,

దోసె మావు ఫ్రిజ్‌లో ఉంది, చట్నీకి మూతేసినా. నేను పనికి పోయే బ్యాండేజీ మిల్లు బస్సు వచ్చేస్తా ఉంది. ఈ పొద్దు అభిని ఇస్కూలుకి పంపొద్దు. నేరుగా గవర్నమెంటు ఆస్పత్రికి తీసుకుపోయి తట్టుకి రెండో సూది వేయించు. లేటైనా వేస్తారని నర్సమ్మ ఫోన్లో చెప్పింది.

నవ్వొద్దు. సూదులు వేయించని పిల్లల్ని క్లాసులోకి రానీయకూడదని నిన్న ఇస్కూలు మీటింగులో గొంతు చించుకొనింది నేనే. ఆ మాట రాసిచ్చిన కాగితంలో మొదటి సంతకమూ నాదే. పక్కింటి సెల్వి కొడుకు అశ్విన్‌ని మనసులో పెట్టుకొనే అన్నా. పాపం, సెల్వి తల వంచుకొనింది.

ఇప్పుడు అభి కమ్మల కోసం డబ్బా తెరిస్తే అడుగున దాని కార్డు ఉంది. రెండో సూది గడి ఖాళీ! అది చెవులు కుట్టించిన వారం కద. బిడ్డని ఒకే వారంలో ఎన్ని పోట్లు పొడుస్తారని నర్సమ్మతో జగడమాడి ఎత్తుకొచ్చేసినా. తర్వాత మర్చేపోయినా. సూది వేయించకుండా తేవొద్దని అప్పుడే చెప్పింది మీ అమ్మ. ఆ సంగతి ఆమెకి గుర్తు చేసినావంటే చూడు.

సెల్వికి ఫోన్ చేసి తప్పైపోయిందని చెప్పినా. మొదటి సూదికి వాడికి జ్వరమొచ్చిందని భయపడిందంట, అంతే. అశ్విన్‌నీ పంపుతానన్నది. ఇద్దర్నీ బండిమీద తీసుకుపో. వచ్చేటప్పుడు పాల్కోవా కొనివ్వు.

ధనం

అశ్విన్ రాకపోతే నా పక్కన ఎవరు కూర్చుంటారని నిన్న అభి అడిగింది. ఆస్పత్రిలో ఇద్దర్నీ ఒకే బెంచీమీద కూర్చోబెట్టు.