ఆ ముద్ద రుబ్బింది మా అమ్మ

అయ్యా,

మీ చిన్న మిక్సీ ప్రకటనలో నవ్వుతున్న వంటమనిషి మా అమ్మ. ఆమె పరువు పోతోంది కనుక ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు. ప్రకటన తీసిన రోజు మీ మిక్సీ వేడెక్కి ఆగిపోతే, అందులో వేసిన గింజలన్నీ అమ్మే రోట్లో మెత్తగా రుబ్బింది. ఆ ముద్దనే మిక్సీలో వేసి చూపించారు.

మా వీధిలో ఆరుగురు కొన్నారు. "నీ మొహం చూసి కొన్నాం కదే తల్లీ! ఇది పెరుగన్నా చిలుకుతుందా?" అంటూ పక్కింటి పెద్దమ్మ నిన్న అమ్మను గుమ్మంలోనే కడిగిపారేసింది. ఇవాళ అమ్మ పనికి కూడా వెళ్లలేదు.

కొనొచ్చా అని అడిగిన ప్రతివాళ్లకూ నేను వద్దనే చెబుతున్నాను. మీరు వెంటనే ఆ ప్రకటన ఆపండి. చదువు రాదని ఆ రోజు అమ్మ చేత ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఈ నెల పదిహేనులోగా జవాబు రాయండి. ఈసారి చదివేది నేను.