పొయ్యిలో పెట్టిన బ్యాటు

అక్కా, ఒంట్లో బాగానే ఉంది, గుండె మాత్రం నిన్నటి నుంచి దడదడలాడుతూనే ఉంది.

ఆట మానేసి ఆడపిల్లల జట్టుకు కోచ్‌గా చేరి నెల కాలేదు కదా. మొన్న నెట్స్‌లో ఓపెనర్ అమ్మాయి వరసగా మూడుసార్లు గాలిని కొట్టింది. నా నోరు ఊరుకుంటుందా? "ఆ బ్యాటు పొయ్యిలో పెట్టు తల్లీ, నీళ్లైనా కాగుతాయి" అన్నాను. నేను ఆడే రోజుల్లో ఒకటంటే అవతలివాడు రెండు తగిలించేవాడు.

నిన్న ఆ పిల్ల ఒట్టి చేతులతో వచ్చింది.

"బ్యాటేదమ్మా?"

"పొయ్యిలో పెట్టేశాం సార్."

నవ్వబోయాను. ఆ పిల్ల నవ్వలేదు. "అంత ఆట ఆడినాయన ఊరికే అనరు, అందులో ఏదో లోపం చూసే ఉంటారని నాన్నే పెట్టారు సార్" అంది. ఇల్లంటుకుందని నేను అరిచినా నువ్వు తాపీగా జడ అల్లుకునేదానివి. వీళ్లేమిటే, నా వేళాకోళాన్ని మంటల్లో పెట్టేశారు!

పై ఆదివారమే జట్టు ఎంపిక. నీ అటక మీద, ఎవరినీ ముట్టుకోనివ్వద్దని దాచిన నా బ్యాటును బావ చేత వెంటనే పంపించు. దాంతో పరుపులు దులుపుతున్నావని తెలుసు, ఏమీ అననులే. మళ్లీ ఆడతానేమోనని దాచుకున్నాను. ఇక ఆ పిల్లే ఆడాలి.

మోకాలి నొప్పి తగ్గిందా? బావకు దండాలు, పిల్లలకు ముద్దులు.

ఇది వేళాకోళం కాదే. ఈ ఒక్కసారికి ఆ పిల్లలా నా మాట నమ్ము.

నీ తుంటరి తమ్ముడు