మూడో ఎపిసోడులో నీడ

పులివెందుల,
26-10-2025, ఆదివారం.

చెల్లెలు మైమూన్‌కు,

సంజీవ్ సలాములు. నువ్వూ మీ ఆయన హుమాయునూ ఆరోగ్యంగా ఉన్నారని, నీ కుట్టుమిషను ఎప్పటిలాగే తిరుగుతోందని తలుస్తాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మోకాలి నొప్పి తగ్గింది. నాలుగు రోజులుగా ముసురు. ఉదయం చర్చికి గొడుగు వేసుకొని వెళ్లివచ్చి ఇది మొదలుపెట్టాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని హుమాయున్ నవ్వుతాడు. ఫోనులో నువ్వు మాట్లాడతావు, నేను వింటాను. ఈసారి చెప్పాల్సింది నేను. మధ్యలో నీ గొంతు వినబడితే చెప్పలేను.

మూడు వారాలుగా జమ్మలమడుగుకు రమ్మంటున్నావు. మొదటి ఆదివారం మోకాలు అన్నాను. తర్వాత చర్చిలో మీటింగు అన్నాను. ఈరోజుకు వాన అన్నాను. ముద్దనూరు మీదుగా రెండు గంటల దారి. వానకు ఆగే మనిషిని కానని నీకు తెలుసు. నీ ఫోనులో రత్నమణి ఉంది. ఏడు సెకన్ల వీడియో అన్నావు. పంపమంటే పంపనన్నావు, నా పక్కన కూర్చొని చూడాల అన్నావు. చూడాలని నాకు ఎంతగా ఉందో రాయను. రాకపోవడానికి కారణం వేరే ఉంది. దాని దగ్గరికి రావాలంటే కొంచెం వెనక నుంచి రావాలి. నీకు తెలిసిన సంగతులు కూడా వస్తాయి. ఓర్చుకో. పాతికేళ్లు కాలేజీలో హిస్టరీ చెప్పినవాణ్ని, వరుస తప్పితే రాయడం చేతకాదు.

‘ఎర్రమల కోట’ వెబ్ సిరీస్ మొదటి సీజన్ వచ్చినప్పుడు మా ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు ఎలా గడిచేవో నీకు నీ స్నేహితురాలు చెప్పే ఉంటుంది. దత్తమండలాలు కంపెనీ దొరల చేతికి వచ్చిన కాలం. పాలెగాడు చచ్చిపోతాడు, భార్య వీరనాగమ్మ కోటను నిలబెడుతుంది. రత్నమణి నేలమీద చాప వేసుకొని, చేటలో వేరుశనక్కాయలు పెట్టుకొని ఒలుస్తూ చూసేది. నేను కుర్చీలో కూర్చొని తప్పులు వెతికేవాణ్ని. ఆ కాలంలో ఈ సీమలో వేరుశనగ చేలు ఎక్కడివి అనేవాణ్ని. వీరనాగమ్మ భర్త శవం మీద పడి ఏడుస్తుంటే, ఆ రైక చూడు, మిషను కుట్టు అన్నాను ఒకసారి. ఆమె చేట పక్కన పెట్టింది.

“ఏమయ్యా, మొగుడు చచ్చి ఆ యమ్మ ఏడుస్తాంటే నీకు రైక కనపడిందా? కుట్టింది మన మైమూనే. నలభై రైకలు కుట్టింది. నోరు మూసుకొని చూడు” అంది.

నోరు మూసుకోలేదు. ఆమె కూడా నేను మూసుకుంటానని అనుకోలేదు.

చివర్లో వీరనాగమ్మ గండికోట అంచు మీద నుంచి పెన్నలోకి దూకుతుంది. ఆ రాత్రి నుంచి మీ ఇద్దరి ఫోను వాదన. చచ్చిపోయిందని నువ్వు. “శవాన్ని చూపీలేదు గదా, యాడ చచ్చింది?” అని ఆమె. కూరలో ఉప్పు మర్చిపోయింది కానీ ఆ వాదన మర్చిపోలేదు.

ఏప్రిల్ పదకొండున రత్నమణి పోయింది. సెప్టెంబరులో రెండో సీజన్ వచ్చింది. వీరనాగమ్మ బతికే ఉంది.

మూడో ఎపిసోడులో, సాయంత్రం కోటవాకిట్లోకి ఆడవాళ్లు నీళ్లు తెచ్చే దృశ్యం ఉంది. వరుసలో చివరి మనిషి చేతికి గడియారం. నెట్‌లో అభిమానుల గ్రూపులో ఎర్రపెన్ను అనే పేరుతో ఒకతను ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆ చేతి బొమ్మ పెట్టి, చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, పద్దెనిమిది వందల సంవత్సరంలో ముంజేతి గడియారం అని రాశాడు. జనం పండగ చేసుకున్నారు. “టైమెంతయిందక్కా, ముద్దనూరు బస్సు పోయిందా?” అని ఒకరు. “కంపెనీ దొర లంచమిచ్చినాడేమోలేప్పా” అని ఒకరు. బొమ్మ అన్ని ఊళ్లూ తిరిగింది. పది రోజులు తిరక్కుండానే కార్యక్రమం తీసినవాళ్లు తప్పు ఒప్పుకొని ఆ దృశ్యాన్ని సవరించారు. ఆ మనిషిని మొత్తంగా తుడిచేశారు.

నీడను మరిచిపోయారు.

ఇప్పుడు ఆ చోట చూస్తే వరుసలో ఐదుగురు ఆడవాళ్లే నడుస్తారు. ఎండ ఏటవాలుగా పడుతూ ఉంటుంది. వెనక ఎర్రరాతి గోడ మీద ఆరు నీడలు. ఐదు నీడలు మనుషులతో పాటు వాకిలి దాటిపోతాయి. ఆరోది ఆగుతుంది. దాని చేయి పైకి లేస్తుంది. కిందికి దిగేలోపు దృశ్యం మారిపోతుంది.

గ్రూపులో దాని మీద చర్చ నువ్వూ చదివావు. ప్రొద్దుటూరులో బట్టల అంగడి గౌరి ఉంది కదా, అది పాత రాణి ఆత్మ అని, మూడో సీజన్‌కు ఇప్పటినుంచే దారి వేస్తున్నారని తేల్చింది. చాపాడు శ్రావణ్ ఊరుకోడు. “ఆత్మకు నీడ ఉంటాదా యాడన్నా? పిచ్చి మాటలు.” దానికి ఆమె, “నీకు శానా తెలుసులే, పోయి మడికి నీళ్లు కట్టుకో పో. మనిషి లేకుండా నీడ ఉంటే దాన్ని ఏమంటారో నువ్వే చెప్పు” అంది. శ్రావణ్ మూడో రోజు, “ఒగటి మాత్రం నిజం గౌరక్కా, ఆ నీడ ఎవురినో పిలుస్తాండాది” అని రాశాడు.

అది చదివి నేను ఆ దృశ్యం పెట్టి, చేయి లేచిన చోట ఆపాను. మా ఇల్లు ఊడ్చే రాజమ్మ అప్పుడే లోపలికి వచ్చింది. చీపురు పట్టుకొని టీవీ ముందు నిలబడిపోయింది.

“ఏంది సార్ ఇది, మన రత్నమ్మ నిలబడినట్టే ఉండాదే. ఆ యమ్మే గదా ఒక పక్కకు ఒరిగి నిలబడేది” అంది.

నీ పని నువ్వు చూసుకో అన్నాను. గట్టిగానే అన్నాను. 

ఆ తర్వాత సోమవారం నీ ఫోను వచ్చింది. నువ్వు ఏడుస్తూ మొదలుపెట్టావు. “అన్నా, మన రత్నమణిని తుడిచేసినారు అన్నా” అన్నావు. నాకు ముందు అర్థం కాలేదు. నాకు తెలిసే ఉంటుందని నువ్వు అనుకున్నావు. “చూసింటావు, ఏడుస్తాంటావు, కదిలీకూడదులే అని ఇన్నినాళ్లు ఊరకున్నా” అన్నావు. ఏమిటది, మొదటినుంచి చెప్పు అన్నాను. నువ్వు అన్నీ చెప్పావు.

జనవరిలో ఆమె జమ్మలమడుగులో చర్చి స్త్రీల కూడిక అని చెప్పి వెళ్లింది. సాయంత్రం ఎండకు కమిలిన ముఖంతో తిరిగివచ్చింది. కూడిక ఆరుబయట పెట్టారా అని అడిగాను. అవునంది. మీరిద్దరూ గండికోటలో షూటింగుకు పోయి నీళ్లకుండలు మోస్తూ పొద్దంతా నడిచారని నాకు తొమ్మిది నెలల తర్వాత తెలిసింది. బట్టలిచ్చే అమ్మాయి నీ మెడలో గొలుసు తీయించిందట. రత్నమణి కళ్లద్దాలు తీయించిందట. గడియారం మాత్రం ఈమె మోచేతి దాకా ఎగదోసి కొంగు కింద దాచిందట. ఏందే ఇది, తిడతారే అని నువ్వు అంటే ఆమె అన్న మాట నువ్వు ఫోనులో రెండుసార్లు చెప్పావు. మొదటిసారి నవ్వుతూ చెప్పావు. రెండోసారి నవ్వు రాలేదు.

“మా సారు సంగతి నీకు తెల్దు మైమూన్. మనిషి యాడుంటే ఆడ చూడడు. తప్పు యాడుంటే ఆడ చూస్తాడు. ఇది కట్టుకుంటేనే నన్ను కనుక్కుంటాడు.”

కెమెరా దగ్గరికి రాగానే కొంగు తీసి చేయెత్తిందని చెప్పావు. మొదటిరోజు ఆ ఎపిసోడు చూస్తున్నప్పుడు ఆ చోటు ముందే తెలుసు కాబట్టి ఫోను పట్టుకొని సిద్ధంగా కూర్చున్నానని, టీవీలోని ఆమెను ఫోనులో తీసుకున్నానని చెప్పావు. ముఖం బాగా వచ్చిందన్నావు.

చివర్లో ఇంకొక మాట అన్నావు. “ఆ ఎర్రపెన్ను గాడెవడో కనుక్కో అన్నా. నువ్వు చదువుకున్నోనివి. వాని చెయ్యి ఇరిగిపోను. వానికి ఇంట్లో పెండ్లాం ల్యాదా?”

అతని సంగతి చివర రాస్తాను.

పాత దృశ్యాన్ని తిరిగి పెట్టమని నువ్వు చెప్పినట్టే కార్యక్రమం వాళ్లకు రాశాను. ఆమె నా భార్య అని, చనిపోయిందని, ఒక కాపీ ఇచ్చినా చాలని రాశాను. జవాబు మర్యాదగానే వచ్చింది. మీ దుఃఖంలో పాలుపంచుకుంటున్నాం అన్నారు. ప్రేక్షకుల ఫిర్యాదు మీద చేసిన సవరణ కాబట్టి వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. కాపీ బయటికి ఇవ్వడం నియమాలకు విరుద్ధం అన్నారు.

తర్వాత ప్రొద్దుటూరు పోయాను. గౌరి ప్రతి ఎపిసోడూ దాచిపెడుతుందని గ్రూపులో ఎవరో అన్నారు. అంగడిలో పండగ రద్దీ ఇంకా తగ్గలేదు. రంగు రంగుల చీరల మధ్య నుంచి చేయి ఊపి, “రాండి మామా, కూర్చోండి, ఏం చూపీమంటారు?” అంది. ఎర్రమల కోట అన్నాను. ఆమె గల్లాపెట్టె దగ్గర భర్తను కూర్చోబెట్టి నా పక్కన వచ్చి కూర్చుంది. అరగంట వీరనాగమ్మ గురించే మాట్లాడింది. రాణి మళ్లీ పెళ్లి చేసుకోకూడదట. చేసుకుంటే అంగడి మూసి ధర్నాకు పోతుందట. గల్లా దగ్గర నుంచి భర్త, “ముందు ఆ మామకు టవలన్నా చూపీ” అన్నాడు.

పాత మూడో ఎపిసోడు ఆమె దగ్గర లేదు. యాప్‌లో దాచుకున్నది కూడా సవరించినప్పుడు మారిపోయిందట. “ఎర్రపెన్ను పెట్టిన ఫోటో ఒగటి ఉండాది, చూడండి” అని తన ఫోను తీసి చూపించింది. మణికట్టు, గడియారం, ఎర్ర సున్నా. ఇంకేమీ లేదు. “ఆయనెవరో గానీ మామా, గద్ద కండ్లు. ఇంత చిన్న తప్పు ఎవురికి కనపడుతాది చెప్పండి” అంది. టీ తెప్పించింది. సగం తాగి లేచాను. ఒక టవలు కొన్నాను.

నీడ ఉన్న ఎపిసోడును రోజూ ఒకసారి చూస్తున్నాను. దానికోసమే పొద్దున కాఫీ తర్వాత కూర్చుంటాను. గోడ మీద ఎండ, ఆగిన నీడ, లేచిన చేయి. ఆ చేయి ఎటువైపు ఎత్తిందో ఇప్పుడు తెలుసు. నా కుర్చీ వైపు. నేను ఆపను. ఆపితే ఆమె అక్కడే నిలబడి ఉండాల్సి వస్తుంది. పోనిస్తాను. దృశ్యం మారిపోతుంది. తర్వాత టీవీ కట్టేస్తే, చీకటి గాజులో కుర్చీ, నేను, నా వెనక ఆమె చాప ఆనించిన గోడ కనిపిస్తాయి. కొన్నిరోజులు వెనక్కి తిరిగి చూస్తాను. రాజమ్మ ఉంటే తిరగను.

రాజమ్మను క్షమించమని అడిగాను. ఆమె, “మీకు తెల్దా సార్ అప్పుడు?” అంది. తెలియదన్నాను. ఇంకేమీ అడగకుండా గిన్నెలు తోమడానికి పోయింది.

హుమాయున్‌కు నా సలాములు. వాన తగ్గగానే మీ ఇంటి పైకప్పు సంగతి చూసుకోమను.

ఇట్లు,
అన్న
సంజీవ్

తా.క.: ఎర్రపెన్ను నేనే.

పేజీలు నిండినా చెప్పలేకపోయాను. సంతకం పెట్టాక రాస్తున్నాను.

ఆమె పోయాక తప్పు కనిపిస్తే చెప్పడానికి ఇంట్లో మనిషి లేదు. నోరు మూసుకొని చూడమనే మనిషి లేదు. ఆగస్టులో ఆ పేరు పెట్టుకొని గ్రూపులో చేరాను. నా పేరు చూస్తే నువ్వు గుర్తుపట్టి ఓదారుస్తావని వేరే పేరు పెట్టుకున్నాను. ఆ సాయంత్రం గడియారం కనిపించగానే దృశ్యాన్ని ఆపాను. పెద్దది చేసి నాలుగుసార్లు చూశాను. సున్నా చుట్టాను. మిగతా బొమ్మ అనవసరమని కత్తిరించాను. కత్తిరించిన దాంట్లో ఆమె ముఖం ఉంది. నేను చూడలేదు మైమూన్. ఆ గడియారానికి పట్టీ వేయించుకొచ్చింది నేనే, అదీ పోల్చుకోలేదు. ఎనిమిది నెలల ముందు నాకోసం ఎత్తిన చేతిని పట్టుకొని పదిమందిలో నవ్వులపాలు చేశాను. వాళ్లకు ఫిర్యాదు రాసిందీ నేనే. సవరించాక ధన్యవాదాలు రాసిందీ నేనే.

నువ్వు అడిగినదానికి జవాబు ఇది. ఇది దాచిపెట్టి నీ పక్కన కూర్చొని ఆ ఏడు సెకన్లు చూడలేను.

చదివాక కూడా రమ్మంటే, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక బయలుదేరి వస్తాను. వద్దనుకుంటే నువ్వు ఫోను చేయవద్దు, నేను అర్థం చేసుకుంటాను. కానీ ఒక్క ముక్క కార్డు మీద రాసి పంపు. చేయెత్తినప్పుడు ఆమె నవ్వుతోందా?