పడవలో పక్క చోటు

జమ్మలమడుగు

తమ్ముడు ఇక్బాల్‌కు,

క్షేమంగా చేరాం. హోటలు ఖర్చు లేకుండా మీ ఇంట్లోనే ఉంచుకుని, విశాఖపట్నమంతా సిటీ బస్సుల్లో తిప్పి చూపించావు. మీ వదిన దేవకుమారి ఇంకా ఓడల కబుర్లే చెబుతోంది.

అన్నిటికన్నా నీ భార్య గుల్జార్‌బీ మేలు మరువలేను. రెండు పార్టీల బాంబుల రాజకీయాన్నీ తిడుతూ నేను కరపత్రం వేసినప్పటి నుంచి నేనూ మీ వదినా బస్సులో ఒకచోట కూర్చోం. ఆమె ముందు, నేను వెనక. ఆ అలవాటుతోనే హార్బరు పడవలోనూ విడివిడిగా కూర్చున్నాం.

"ఏందక్కా, అన్నతో కొట్లాడినావా?" అని అడిగింది గుల్జార్‌బీ.

"లేదు చెల్లీ. ఆడ మా ఊరి పక్క ఎవురన్నా బస్సాపి ఈయన్ను దింపితే, నేను పెండ్లామని తెలీగూడదు. పిల్లోల్లకు ఒకరన్నా మిగలాల."

"సముద్రంలో ఎవురాపుతారక్కా? లెయ్!" అంటూ చెయ్యి పట్టి లాక్కొచ్చి నా పక్కన కూర్చోబెట్టింది.

పడవ తిరిగినంతసేపూ దేవకుమారి నా భుజానికి ఆనుకుని ఓడలు చూసింది. ప్రజాస్వామ్యమని మైకుల్లో అరిచే మా నాయకులను అడుగుతున్నాను: పెళ్ళాం పక్కన కూర్చోవడానికి మనిషి సముద్రం దాకా పోవాలా?

నిన్న ఎర్రగుంట్లలో రైలు దిగి, మా ఊరి బస్సెక్కి నేను మామూలుగానే వెనక సీటుకు పోయాను. ఆమె సంచితో నా వెంటే వచ్చింది. ముందుకు పొమ్మన్నాను.

"జరుగు," అంది. "కిటికీ పక్కన నాకు గావాల."

జరిగాను. బస్సు ఆగిన ప్రతిచోటా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది గానీ, ముందుకు మాత్రం పోలేదు. ఈ సంగతి గుల్జార్‌బీకి తప్పక చదివి వినిపించు.

మీ అన్న